పెట్టెకో ఇంటి నంబరు

మా నాన్న ముప్ఫై నాలుగేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేసి 2010లో రిటైరయ్యారు. ఇప్పటికీ ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే ఆయన ముందు పేరు అడగరు. ‘ఏ వీధి మీది? ఇంటి నంబరెంత?’ అని అడుగుతారు. ‘వాళ్లకేమన్నా మనియార్డరొచ్చిందా ఏంటి, ముందు కూర్చోమనండి’ అని అమ్మ విసుక్కుంటుంది. మేం నవ్వుకుంటాం.

ఆ ప్రశ్న వెనక ఓ పాత కథ ఉంది. అది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ నాన్న ఎందుకంత బాధపడ్డారో అర్థం కావడానికి నేను హైదరాబాద్ నుంచి ఆరొందల కిలోమీటర్లకు పైగా వెళ్లి, ముప్ఫై పెద్ద పెద్ద ఇనుప గిన్నెల మధ్య నిలబడాల్సొచ్చింది!

ఫోను కట్టెయ్ మావయ్యా!

మా అక్క కొడుకు పుణెలో ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇంజినీరింగ్ అయి రెండేళ్లయింది. ‘ఏం పనిరా?’ అంటే ‘కార్డులకి అడ్రసులిస్తుంటాను’ అంటాడు. పోస్టుకార్డులేమో అనుకున్నారు నాన్న. ‘మనవడికీ మన డిపార్ట్‌మెంటే వచ్చిందే’ అని అమ్మతో మురిపెంగా చెప్పుకున్నారు కూడా. వాడు చెబుతోంది సర్క్యూట్ కార్డుల గురించని తెలిసేసరికి కాస్త చిన్నబోయారు.

‘అసలు పెట్టెలకి అడ్రసులేంట్రా?’ అని నేనూ ఒకసారి అడిగాను. ‘ఫోన్లో చెబితే అర్థం కాదు, ఫిబ్రవరి ఆఖర్లో రా, చూపిస్తాను’ అన్నాడు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. ఆ సందర్భంగా పుణెకి ఉత్తరాన ఎనభై కిలోమీటర్ల దూరంలో, ఖోడద్ అనే పల్లె దగ్గరున్న రేడియో టెలిస్కోపులో ప్రదర్శన పెడతారు. వెళ్లాను.

నాసిక్ రోడ్డు మీద నారాయణగావ్ దాకా వెళ్లి కుడివైపు తిరిగితే చుట్టూ ద్రాక్ష తోటలు, టమాటా చేలు. వాటి మధ్యలో ఉన్నట్టుండి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఓ గిన్నె. దాని వెనక ఇంకోటి. అటుపక్క ఇంకోటి. ‘ముందు ఫోను కట్టెయ్ మావయ్యా’ అన్నాడు మేనల్లుడు. సైలెంట్‌లో పెడితే చాలదట, పూర్తిగా ఆపేయాలట. ఎందుకంటే ఆ గిన్నెలు వినడానికి ప్రయత్నిస్తున్నది కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన అతి సన్నని రేడియో తరంగాల్ని. వాటి ముందు మన జేబులోని ఫోను పెళ్లి బ్యాండు మేళం లాంటిది!

ముప్ఫై చెవులు... ఒక్క తల

ఆ టెలిస్కోపు పేరు జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్. జీఎంఆర్‌టీ అంటారు. ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్ ఆలోచన అది. అంతకుముందు 1970 నాటికే ఊటీ కొండవాలు మీద రేడియో టెలిస్కోపు కట్టిన పెద్దమనిషి ఆయన. 2020లో కన్నుమూశారు.

ఖోడద్‌లో ఒక్కో డిష్ వ్యాసం 45 మీటర్లు. అంత పెద్దదాన్ని దళసరి రేకులతో కడితే బరువూ, ఖర్చూ రెండూ తలకు మించిపోతాయి. గాలికీ ఆగదు. అందుకని ఉక్కు తాళ్లు బిగించి, వాటి మీద సన్నని స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల వల పరిచారు. గాలి ఆ కన్నాల్లోంచి వెళ్లిపోతుంది. మీటరు పొడవు తరంగాలకు మాత్రం ఆ వలే గట్టి అద్దంలా పనిచేస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే మన కోళ్ల గూటికి కట్టే జాలీ గుర్తొచ్చింది నాకు.

అలాంటివి 30. అందులో 14 డిష్‌లు ఒకే చోట, సుమారు చదరపు కిలోమీటరులో ఉంటాయి. మిగతా 16 ఇంగ్లిషు ‘వై’ అక్షరంలా మూడు వైపులకు చెదిరి ఉంటాయి. ఈ చివర నుంచి ఆ చివరికి 25 కిలోమీటర్లు. అన్నీ ఒకేసారి ఒకే వైపు చూస్తాయి. అవి విన్నదంతా భూమిలో వేసిన ఆప్టికల్ ఫైబర్ మీదుగా మధ్యలోని భవనానికి చేరుతుంది. అక్కడ ఒక్కో డిష్ సంకేతాన్ని మిగతా ప్రతి డిష్ సంకేతంతోనూ జతకట్టి పోలుస్తారు. ముప్ఫైలో ఎన్ని జతలొస్తాయి? 435. ఆ 435 జతల లెక్కలన్నీ కలిస్తే, 25 కిలోమీటర్ల వెడల్పున్న ఒకే డిష్‌తో చూసినంత సూక్ష్మంగా బొమ్మ వస్తుంది.

‘ఇక్కడే ఉంది మావయ్యా కిటుకు’ అన్నాడు వాడు. ‘జతకట్టడమంటే ఏది ఏ డిష్ నుంచి వచ్చిందో, ఆ డిష్ ఎక్కడ నిలబడి ఉందో తెలియాలి కదా. పడమటి కొమ్మ చివరున్న డిష్ మాటని తూర్పు డిష్ మాట అనుకున్నామనుకో... మాట నిజమే, కానీ బొమ్మ తప్పొస్తుంది’.

మాట నిజమే. చేరిన చోటు తప్పు. ఆ ముక్క విన్నప్పుడు నాకు నాన్న గుర్తొచ్చారు.

లేని ఏడో నంబరు

చెట్టు కింద కూర్చుని కాగితం మీద వాడు డిష్‌ల పటం గీశాడు. మధ్యలో ఉన్నవాటికి ‘సి’ అక్షరం. సెంట్రల్ స్క్వేర్ అని. పడమటి కొమ్మకి ‘డబ్ల్యూ’, తూర్పుకి ‘ఇ’, దక్షిణానికి ‘ఎస్’. సి-00 నుంచి సి-14 దాకా రాసుకుంటూ వచ్చాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. పదిహేను రావాలి. కాగితం మీద పద్నాలుగే ఉన్నాయి.

‘ఏడు ఎగ్గొట్టావు’.

‘ఎగ్గొట్టలేదు. సి-07 లేదు. తూర్పున మొదటిదే ఇ-02. దక్షిణాన నాలుగు తర్వాత ఆరు’.

నాకు భలే అనిపించింది. మా వీధిలోనూ అంతే! 4-17 తర్వాత ఠక్కున 4-19 వస్తుంది. కొత్త పోస్ట్‌మ్యాన్ వస్తే 4-18 కోసం రెండుసార్లు వెనక్కీ ముందుకీ సైకిలు తిప్పాల్సిందే. ‘నంబర్లు వరసగా ఉండాలని ఎక్కడా లేదు. ఒక నంబరు ఒక్కరికే ఉండాలి, అంతే’ అనేవారు నాన్న. మేనల్లుడికి చెప్పాను. ‘తాతయ్య నెట్‌వర్క్ ఇంజినీరు కావాల్సినవాడు’ అన్నాడు వాడు.

పుట్టినపేరు ఒకటి... ఇంటి నంబరు ఒకటి

బయటికి డిష్ ఒక్కటే కనిపిస్తుంది కానీ, లోపల ఎన్నో పెట్టెలుంటాయి. ఏ తరంగదైర్ఘ్యం వినాలో దాన్నిబట్టి డిష్ నాభి దగ్గరున్న రిసీవర్లని తిప్పాలి. వడపోత మార్చాలి. సంకేతం మరీ గట్టిగా ఉంటే తగ్గించాలి. ఉష్ణోగ్రత ఎంతుందో చూడాలి. ఈ పనులకి ‘మానిటర్ అండ్ కంట్రోల్ మాడ్యూల్’ అనే చిన్న చిన్న కార్డులుంటాయి. మొదట కట్టినప్పుడు ఇవి ప్రతి డిష్ దగ్గరా ఒక కంప్యూటరు కింద, ఒకే తీగకి వరసగా వేలాడేవి. ఎవరి నంబరు పిలిస్తే వాళ్లే పలకాలి, మిగతావాళ్లు మౌనం. మన ఒకటో తరగతి హాజరు పట్టీలాగే! తర్వాత టెలిస్కోపుని ఆధునికీకరించినప్పుడు ఈథర్‌నెట్ కార్డులొచ్చాయి. మన ఆఫీసుల్లో కంప్యూటర్లని కలుపుతాయే, అదే తీగ.

ఈథర్‌నెట్ మీద ఉన్న ప్రతిదానికీ రెండు గుర్తులుంటాయి. మొదటిది మ్యాక్ అడ్రసు. ఆరు జంటల అక్షరాలూ అంకెలూ. సగం తయారీదారుణ్ని చెబుతుంది, మిగతా సగం వస్తువుని చెబుతుంది. ఫ్యాక్టరీలోనే పడిపోతుంది. ఒకరకంగా బారసాలలో పెట్టిన పేరు. ఎక్కడికెళ్లినా మనిషితోపాటే వస్తుంది.

రెండోది ఐపీ అడ్రసు. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు. ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. ఇది మనం ఇచ్చేది. ఇంటి నంబరన్నమాట. మనిషి ఇల్లు మారితే ఇంటి నంబరు అతనితో రాదు, అక్కడే ఉండిపోతుంది.

‘ముప్ఫై డిష్‌లు, ఒక్కోదాంట్లో ఇన్నేసి కార్డులు. చేతికొచ్చిన నంబరల్లా ఇచ్చేస్తే రేపొద్దున వెతుక్కోలేం’ అంటూ వాడు ఓ పద్ధతి చెప్పాడు. ఖోడద్‌లో అచ్చం ఇలాగే పెట్టారని కాదు. నాకు అర్థం కావడానికి చెప్పిన ఉదాహరణ. మొదటి రెండు అంకెలూ అందరికీ ఒకటే, ఊరి పేరులాగ. మూడో అంకె డిష్‌ది, వీధి పేరులాగ. నాలుగోది ఆ డిష్‌లో కార్డుది, ఇల్లు. అలా ఇస్తే అర్ధరాత్రి ఏదైనా కార్డు పలకడం మానేసినప్పుడు నంబరు చూడగానే ఎక్కడికి పరుగెత్తాలో తెలిసిపోతుంది.

ఇలాంటి లోపలి వాడకానికని 10తో మొదలయ్యే నంబర్లని, 192.168తో మొదలయ్యేవాటిని 1996లోనే విడిగా కేటాయించి పెట్టారు. వీటిని ఎవరైనా వాడుకోవచ్చు. మా ఊళ్లో 4-12 ఉన్నట్టే పక్క ఊళ్లోనూ 4-12 ఉంటుంది. తగాదా లేదు. ఒకే ఊళ్లో రెండుంటేనే తంటా.

మరి ఈ రెండు గుర్తుల్నీ కలిపేదెవరు? దానికీ ఓ పద్ధతుంది. 1982లోనే రాసుకున్నారు. ఒక యంత్రానికి ఏదైనా పంపాలంటే ముందు నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా ‘ఫలానా నంబరు ఎవరిదండీ?’ అని కేకేస్తుంది. ఆ నంబరున్న యంత్రం ‘నాదే, నా పేరిది’ అని జవాబిస్తుంది. వీధి మొదట్లో నిలబడి నాన్న సైకిల్ బెల్లు కొట్టి అరిచినట్టే!

బొద్దింకకి ముద్దుపేరు

మధ్యలోని భవనంలో జరిగేది ఇంకో రకం పని. ఆధునికీకరించిన జీఎంఆర్‌టీ ఒకేసారి 400 మెగాహెర్ట్‌జ్ వెడల్పు దాకా వినగలదు. దాన్ని అంకెలుగా మార్చి, సెకనుకి కొన్ని వందల కోట్ల బిట్ల చొప్పున కంప్యూటర్లకి విసరాలి. ఆ పనిచేసే కార్డుల పేరు ‘రోచ్’. అంటే బొద్దింక! అమెరికాలోని బర్కిలీ కేంద్రంగా మొదలైన ‘క్యాస్పర్’ అనే బృందం రూపకల్పన అది. రేడియో టెలిస్కోపులవాళ్లు ప్రతిచోటా మళ్లీ మళ్లీ అదే కార్డుని మొదట్నుంచీ తయారుచేసుకునే అవస్థ లేకుండా, డిజైన్‌ని అందరికీ తెరిచిపెట్టారు. ఖోడద్‌లోనే కాదు, చాలా దేశాల్లో వాడారు.

ఈ కార్డుల్లో వేగంగా డేటా విసిరే ద్వారాలకి ఫ్యాక్టరీ పేరుండదు. దాన్ని నడిపే ఇంజినీరే పేరు పెట్టాలి. పెట్టుకోవచ్చు కూడా. మొదటి జంట 02 అయితే ‘ఇది ఇంట్లో పెట్టుకున్న పేరు’ అని అర్థం. మన ముద్దుపేర్లలాగ! ఆ బృందం కొత్తవాళ్లకి నేర్పే పాఠంలో తేలికైన చిట్కా ఒకటుంది. ముందు 02, 02 అని రాసి, ఆ వెనకే కార్డు ఐపీ నంబరుని తగిలించేయడం. 10.0.0.20 అయితే పేరు 02-02-0ఎ-00-00-14 అవుతుంది. వాళ్ల లెక్కలో పదిని 0ఎ అని, ఇరవైని 14 అని రాస్తారు. ఇంటి నంబరుని బట్టే పేరు. నంబర్లు వేరయితే పేర్లూ వేరే. లెక్క తేలిక.

ఈ డేటా వెళ్లే తీరు కూడా నాన్నకి నచ్చుతుందనుకున్నాను. ఆయన కాలంలో రెండు రకాల ఉత్తరాలుండేవి. ఒకటి రిజిస్టర్డు. అందినట్టు సంతకం పెట్టించుకోవాలి. ఇంకోటి మామూలు కవరు. గుమ్మంలో వేసి వెళ్లిపోవడమే. టెలిస్కోపు డేటా ఎక్కువగా మామూలు కవరు పద్ధతిలోనే పోతుంది. సంతకాల కోసం ఆగితే వెనక వచ్చేది పేరుకుపోతుంది. అందుకే అడ్రసు తప్పు రాస్తే ఎవరూ వెనక్కి పంపరు. అందలేదని కబురూ రాదు. విసిరేవాడు విసురుతూనే ఉంటాడు.

రెండు 4-12లు

‘నువ్వెప్పుడైనా తప్పిచ్చావా నంబరు?’ అనడిగాను.

వాడు చెవులు గోక్కున్నాడు. ‘ఉద్యోగంలో చేరిన కొత్తలో’.

అది ఈ టెలిస్కోపులో కాదు, వాళ్ల కంపెనీ బల్ల మీద. రెండు ఒకేలాంటి కార్డులు. మొదటిదాంట్లో ప్రోగ్రామంతా సరిగ్గా పెట్టుకుని, పని తేలికవుతుందని దాన్నే రెండోదాంట్లోకి కాపీ కొట్టాడు. నంబరు మార్చడం మర్చిపోయాడు. ఇద్దరికీ ఒకటే ఇల్లు, ఒకటే పేరు. ఆ తర్వాత రెండు రోజులు ఏదీ చెడిపోయినట్టు కనిపించలేదట. అడిగితే జవాబొస్తోంది. రీడింగులూ వస్తున్నాయి. కానీ ఒక కార్డుకి ‘తగ్గించు’ అని చెబితే ఒక్కోసారి పక్కది తగ్గుతోంది. మధ్యలోని స్విచ్చికి ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్లే ఆ పేరుగల మనిషి. మళ్లీ రెండోది మాట్లాడితే అటు తిరుగుతుంది.

‘ఎలా పట్టుకున్నావు?’

‘విసుగొచ్చి ఒకదాని కరెంటు తీసేశాను. అయినా జవాబొస్తోంది! అప్పుడు చెమటలు పట్టాయి మావయ్యా. చెడిపోతే పర్వాలేదు, చెడిపోయిందని తెలుస్తుంది. ఇది అంతా బాగున్నట్టే ఉంటుంది. జవాబొచ్చింది కదాని నమ్మేస్తాం’.

నేను కాసేపు మాట్లాడలేదు. వాడికి తెలియని కథ నాకు తెలుసు మరి.

అది 1996. నేను నాలుగో తరగతి. మా చిన్న పట్నంలో ఇళ్లకి కొత్త నంబర్లు వేశారు. మా వీధిలో వేపచెట్టు దగ్గర ఇంటి పాత నంబరు 4-12. కొత్త లెక్కలో అది 4-31 అయింది. 4-12 వెళ్లి అయిదిళ్ల అవతల ఇంకో ఇంటికి అతుక్కుంది. పాత నంబర్లు ఎవరూ చెరపలేదు. కొన్నాళ్లపాటు ఆ వీధిలో రెండు 4-12లు బతికాయి. చిత్రం ఏంటంటే ఆ రెండిళ్లవాళ్లదీ ఒకటే ఇంటిపేరు. రెండిళ్లలోనూ పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉంది. ఇద్దరి పేర్లకీ మొదటి అక్షరమూ ఒకటే.

వేపచెట్టు ఇంటి అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రేషన్ కార్డు మీదున్న పాత నంబరే రాసింది. ఆ వీధి నిజానికి నాన్న బీటు కాదు. ఆ వారం వేరే ఆయన సెలవు పెడితే ఆ సంచీ కూడా నాన్నే మోశారు. కవరు మీద ఇంటిపేరు, పొడి అక్షరం, 4-12. కొత్త 4-12కి వెళ్లారు. తాళం వేసి ఉంది. తలుపు కింద నుంచి లోపలికి తోసి వచ్చేశారు. వాళ్లు పెళ్లికెళ్లి తొమ్మిది రోజులకి తిరిగొచ్చారు. కవరు విప్పి, తమది కాదని వేపచెట్టు ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చారు. అప్పటికి ఇంటర్వ్యూ జరిగిపోయి రెండు రోజులు.

సంగతి తెలిసిన రోజు సాయంత్రం నాన్న ఖాకీ చొక్కా కూడా విప్పకుండా ఆ ఇంటికెళ్లారు. నన్నూ సైకిలు మీద ఎక్కించుకున్నారు, ఎందుకో. ఆ అమ్మాయి తండ్రి గట్టిగానే మాట్లాడాడు. నాన్న తలొంచుకుని నిలబడ్డారు. ‘కవరు మీదున్న నంబరుకే ఇచ్చాను కదా’ అని ఒక్కమాటైనా అనలేదు. అంటే తప్పు లేదు, నిజంగానే ఆ నంబరుకే ఇచ్చారు. ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఉంది. ఏమీ అనలేదు. లోపలికెళ్లి నాకో గ్లాసు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

‘కవరు చేరింది కదా అనుకున్నాను. ఎవరికి చేరిందో చూసుకోలేదు’ అని ఆ రాత్రి అమ్మతో అంటుంటే విన్నాను. ‘జవాబొచ్చింది కదాని నమ్మేస్తాం’ అని మేనల్లుడు చెప్పినప్పుడు ఆ గొంతే వినబడింది నాకు.

నోటుబుక్కు

ఆ మర్నాడే నాన్న ఓ లాంగ్ నోటుబుక్కు కొన్నారు. స్కేలు పెట్టి గళ్లు గీశారు. పాత నంబరు, కొత్త నంబరు, ఇంటిపేరు, ఎవరెవరుంటారు, గుర్తు. గుర్తంటే వేపచెట్టు, నీలం తలుపు, అరుగు మీద రుబ్బురోలు... అలాంటివి. రిటైరయ్యేనాటికి అవి మూడు బుక్కులయ్యాయి.

ఆ అమ్మాయికి తర్వాత ఉద్యోగం రాలేదు. ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేది. నన్ను ఆరో తరగతిలో లెక్కలకి అక్కడే చేర్పించారు నాన్న. దగ్గర్లో వేరే మాస్టార్లు లేక కాదు. ప్రతినెలా ఒకటో తారీఖున ఫీజు నా చేతికివ్వకుండా తనే వెళ్లి ఇచ్చొచ్చేవారు. నాకు భిన్నాలు అర్థమయ్యాయంటే ఆ టీచరు చలవే.

ఖోడద్‌లో ఈ కథంతా చెప్పాక మేనల్లుడు తన ల్యాప్‌టాప్ గురించి చెప్పాడు. వాడూ ఒక పట్టిక పెట్టుకున్నాడట. కార్డు పుట్టినపేరు, ఇచ్చిన నంబరు, ఏ పెట్టెలో ఏ అరలో ఉంది, ఎప్పుడు పెట్టారు. ఎందుకంటే అసలు ప్రమాదం కొత్త కార్డులతో కాదు, మార్చిన కార్డులతోనే. ఒకచోట కార్డు చెడిపోతే బాగుచేయడానికి తీసుకొస్తారు. బాగుపడ్డాక అది బీరువాలో అదనంగా ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకోచోట అవసరమైతే తీసి అక్కడ పెడతారు. దాని కడుపులో పాత ఇంటి నంబరు అలాగే ఉంటే? ఆ పాత ఇంట్లో ఇప్పుడు వేరే కార్డు కాపురం ఉంటోంది. మళ్లీ రెండు 4-12లు!

ఇక సంఖ్య పెరిగేకొద్దీ ఇది చేత్తో అయ్యే పని కాదు. దక్షిణాఫ్రికాలో 2018లో ప్రారంభమైన మీర్‌క్యాట్‌కి 64 డిష్‌లు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో కడుతున్న ఎస్‌కేఏ-లో టెలిస్కోపుకి అనుకున్న యాంటెన్నాలు 1,31,072. క్రిస్మస్ చెట్లలాంటి లోహపు యాంటెన్నాల్ని 256 చొప్పున ఒక గుంపు చేసి, అలాంటి 512 గుంపులు పెడతారు. ఆ ప్రాజెక్టులో మన దేశమూ భాగస్వామి. 2024 జనవరిలో కేంద్రం అందుకు రూ.1,250 కోట్లు మంజూరు చేసింది. అలాంటిచోట యంత్రం లేవగానే ‘నేనెవర్ని, నా నంబరెంత?’ అని అడిగితే ఒక సర్వరు పట్టిక చూసి చెప్పే పద్ధతులు కావాలి. కానీ ఆ పట్టికని సరిగ్గా రాసి ఉంచాల్సింది మాత్రం మళ్లీ మనిషే.

ఎంత దూరం నుంచో వచ్చిన ఉత్తరం

తిరిగి వచ్చేముందు చివరిసారి ఆ డిష్‌ల వైపు చూశాను. అన్నీ ఒక్కసారిగా, చాలా నెమ్మదిగా, ఒకే వైపు తిరుగుతున్నాయి. 2016 అక్టోబరులో ఐరోపావాళ్ల షియాపరెల్లి నౌక అంగారకుడి మీద దిగడానికి ప్రయత్నించినప్పుడు దాని సన్నని సంకేతాన్ని విన్నది ఇవే. దిగేలోపే ఆ గొంతు ఆగిపోయింది. సుమారు 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల్లోని హైడ్రోజన్ వాయువు ఆనవాలుని పట్టుకున్నట్టు 2020లో ప్రకటించిందీ ఇక్కడి పరిశీలనల ఆధారంగానే. అంటే మన భూమి పుట్టకముందు బయల్దేరిన ఉత్తరమది! అంత దూరం వచ్చి, ఆఖరి పది మీటర్ల తీగలో తప్పుడు గుమ్మంలో పడితే?

ఇంటికొచ్చాక నాన్నకి అంతా చెప్పాను. పడక్కుర్చీలో కళ్లు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. ఉన్నట్టుండి ‘వాడికి ఫోన్ కలుపు’ అన్నారు.

‘ఒరేయ్, కార్డు ఒకచోట తీసి ఇంకోచోట పెట్టేటప్పుడు పాత నంబరు చెరిపేస్తున్నావా?’

‘అదే మొదటి పని తాతయ్యా’.

‘మొదటి పనే కావాలి. కొత్తది రాసి పాతది చెరుపుదాంలే అనుకోకు. పాతది చెరిపాకే కొత్తది రాయి. నోటుబుక్కులో కూడా’.

‘అలాగే తాతయ్యా. నీ నోటుబుక్కులో గళ్లు ఎలా గీశావో చూడాలనుంది. మావయ్యని ఫొటో తీసి పంపమను’.

అటక మీది ట్రంకు పెట్టెలోంచి మూడు బుక్కులూ దించాను. అట్టలు ఊడిపోయాయి, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. ఫొటోల కోసం పేజీలు తిప్పుతుంటే మా వీధి వచ్చింది. వేపచెట్టు గుర్తు, పక్కన మా ట్యూషన్ టీచరు పేరు. ఆ పేరుకెదురుగా మూడు అడ్రసులున్నాయి. పుట్టింటిది ఒకటి, పెళ్లయ్యాక వెళ్లిన ఇంటిది ఒకటి. రెంటినీ స్కేలు పెట్టి శుభ్రంగా కొట్టేశారు. కింద ఆవిడ ఇప్పుడుంటున్న ఇంటి నంబరు, వీధి, గుర్తు, పక్కన తారీఖు.

ఆ తారీఖు 2019ది. నాన్న రిటైరై అప్పటికి తొమ్మిదేళ్లు.